రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటోంది, మళ్ళీ ఆగిపోతోంది

ప్రశ్న: నమస్తే అండి. మాది ఆకివీడు. డిగ్రీ అయ్యాక సొంతంగా నేర్చుకుని, రొయ్యలు కొనే ఒక వ్యాపారి గారికి వెబ్ అప్లికేషన్ చేసి ఇచ్చాను. చెరువు గట్టు మీద కాటా వేసిన వెంటనే గుమాస్తాలు ఫోన్‌లోనే బరువు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో), రేటు ఎక్కిస్తారు. కోడ్ నోడ్ జేఎస్‌లో రాశాను, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, నెల అద్దె మీద తీసుకున్న 2 జీబీ సర్వర్. మొదట్లో బాగానే నడిచింది. ఏడాది దాటాక ఇప్పుడు, తెల్లవారుజామున పట్టుబడులు (చెరువుల్లో రొయ్యలు పట్టడం) జోరుగా ఉన్నప్పుడే, "టూ మెనీ కనెక్షన్స్" అని ఆగిపోతోంది. రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది, మళ్ళీ మామూలే. మ్యాక్స్ కనెక్షన్స్ (ఒకేసారి ఎన్ని కనెక్షన్లు ఉండొచ్చనే హద్దు) 1000కి పెంచితే మైఎస్‌క్యూఎల్ మొత్తానికే పడిపోయింది. నెలాఖరు లెక్క పేజీ తెరుచుకోవడానికి 40 సెకన్లు పడుతోంది. కొందరు రైతుల పేర్లు ప్రశ్న గుర్తులుగా కనిపిస్తున్నాయి. కొన్ని పట్టుబడులు ముందు రోజు తేదీలో పడుతున్నాయి. ఓనరు గారేమో "పాత పుస్తకమే నయం" అంటున్నారు. ఫ్రెండ్ ఒకడు మాంగోడీబీ అనే వేరే రకం డేటాబేస్‌కి మారిపొమ్మంటున్నాడు. మారిపోనా? కోడ్ జత చేశాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. – ఒక పాఠకురాలు

జవాబు:

మారొద్దమ్మా. మీ కోడ్ రెండుసార్లు చదివాను. ఉన్న తప్పులన్నీ కోడ్‌లోనూ టేబుళ్ళు కట్టిన తీరులోనూ ఉన్నాయి, మైఎస్‌క్యూఎల్‌లో కాదు. మాంగోకి వెళ్ళినా అవి మీ వెంటే వస్తాయి, పైగా రైతు, చెరువు, పట్టుబడి, అడ్వాన్సు అంటూ ఒకదానికొకటి ముడిపడి ఉన్న లెక్కలకి మీరు ఎంచుకున్న రకం డేటాబేసే సరైనది. ఎంపికలో తప్పు లేదు. కాబట్టి ముందు ఈ రాత్రి నిద్రపోండి.

ఇక రీస్టార్ట్ సంగతి. రీస్టార్ట్ చేయగానే ఎందుకు బాగైందో మీరు ఒక్కసారి కూడా ఆలోచించినట్టు లేదు, అసలు ఆచూకీ అంతా అక్కడే ఉంది. దాళ్వాలో (రెండో పంటకి) వంతు నీళ్ళు వదిలినప్పుడు చూసే ఉంటారు, పైచేను ఆయన తూము ఎత్తుకుని, చేను నిండాక మూయకుండా ఇంటికి పోతే కాలువ చివర చేలకి చుక్క రాదు. కాలువలో నీళ్ళు లేక కాదు, తూములు తెరిచి ఉండిపోవడం వల్ల. మీ డేటాబేస్ పరిస్థితి అదే. అప్లికేషన్ డేటాబేస్‌తో కనెక్షన్ తెరుస్తోంది, పని చేసుకుంటోంది, కొన్ని దారుల్లో మూయకుండా పోతోంది. మైఎస్‌క్యూఎల్‌లో మామూలుగా ఒకేసారి 151 కనెక్షన్లకి చోటుంటుంది. ఎవరూ మూయకపోతే, ఏ పనీ లేకుండా పడి ఉన్న కనెక్షన్‌ని అది తనంతట తాను తీసేయడానికి 28,800 సెకన్లు, అంటే 8 గంటలు ఆగుతుంది. తెల్లవారుజామున మూడింటికి వదిలేసిన కనెక్షన్ పదకొండు దాకా అలా కుర్చీ పట్టుకుని కూర్చుంటుందన్నమాట. మీరు రీస్టార్ట్ చేస్తున్నారు, తూములన్నీ ఒక్కసారిగా మూసుకుంటున్నాయి, మళ్ళీ ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి.

ఇది నా మాట మీద నమ్మక్కర్లేదు. రేపు మళ్ళీ ఆగినప్పుడు వెంటనే రీస్టార్ట్ కొట్టకుండా, రెండే రెండు నిమిషాలు ఓపిక పట్టి, సర్వర్‌లోకి వెళ్ళి "షో ప్రాసెస్‌లిస్ట్" అని అడగండి. ఏ కనెక్షన్ ఏం చేస్తోందో, ఎన్ని సెకన్లుగా చేస్తోందో వరసగా చూపిస్తుంది. అక్కడ ఎక్కువ వరసల్లో కమాండ్ అన్నచోట "స్లీప్" అనీ, పక్కన వేలల్లో సెకన్లూ కనిపిస్తే నేను చెప్పింది నిజం. అలా కాకుండా అన్నీ "క్వెరీ" అని ఉండి ఒకే సెలెక్ట్ (డేటా అడిగే ప్రశ్న) పదేపదే కనిపిస్తే అది వేరే జబ్బు, నెమ్మది క్వెరీల జబ్బు. మీకు రెండోది కూడా కొంత ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. చోటంతా నిండిపోయాక లోపలికి ఎలా వెళ్ళాలి అంటారేమో, అడ్మిన్ హక్కులున్న యూజర్ కోసం మైఎస్‌క్యూఎల్ ఒక్క కుర్చీ ఎప్పుడూ అట్టేపెడుతుంది. కానీ మీ అప్లికేషనే రూట్ యూజర్‌తో కనెక్ట్ అవుతోంది, అందుకని ఆ కుర్చీ కూడా అదే ఆక్రమించేస్తోంది. ఈ రోజే అప్లికేషన్‌కి వేరే యూజర్‌ని పెట్టండి, దానికి ఆ ఒక్క డేటాబేస్ మీద చదవడం, రాయడం వరకే హక్కులివ్వండి. రేపొద్దున ఎవడైనా మీ లాగిన్ పేజీలో పిచ్చి రాతలు రాసి లోపలికి దూరినా టేబుళ్ళు చెరిపేసే అధికారం వాడికి ఉండదు.

ఇప్పుడు ఆ తూము ఎక్కడ తెరిచి ఉండిపోతోందో చూద్దాం. మీ కోడ్‌లో కాటా ఎక్కించే ఫంక్షన్ ఉంది కదా, మొదటి వరసలోనే కనెక్షన్ తెరిచారు. మూడో వరసలో బరువు ఖాళీగా ఉందా అని చూశారు, ఖాళీగా ఉంటే "బరువు నింపండి" అని చెప్పి అక్కడినుంచే వెనక్కి పంపేశారు. కనెక్షన్ మూసే వరస మాత్రం ఎక్కడో కింద, అంతా సవ్యంగా జరిగితేనే చేరుకునే చోట ఉంది. చీకట్లో, చేతికి నీచు తడి, ఒక పక్క ట్రేలు లారీ ఎక్కుతుంటే గుమాస్తా తొందరలో బరువు వేయకుండానే బటన్ నొక్కుతాడు. అలా నొక్కిన ప్రతిసారీ ఒక కనెక్షన్ పోయినట్టే. పగలు సావకాశంగా ఆఫీసులో కూర్చుని మీరు పరీక్షించినప్పుడు ఒక్కసారి కూడా ఖాళీ బరువు పంపి ఉండరు, అందుకే మీకు దొరకలేదు. పట్టుబడులు జోరుగా ఉన్నప్పుడే ఆగిపోవడానికి కారణం జనం ఎక్కువై కాదు, తప్పు నొక్కుళ్ళు ఎక్కువై.

మందు రెండు భాగాలు. ఒకటి, బరువు, రేటు లాంటివన్నీ ముందు సరిచూసుకుని, ఆ తర్వాతే కనెక్షన్ తీసుకోండి. రెండు, ప్రతి రిక్వెస్ట్‌కీ కొత్త కనెక్షన్ తెరవడం మానేసి, అప్లికేషన్ మొదలైనప్పుడు ఒకే ఒక్క పూల్ (వంతులవారీగా వాడుకునే కొన్ని కనెక్షన్ల గుంపు) తయారు చేసి అందరూ దాన్నే వాడేలా పెట్టండి. పూల్ నుంచి తీసుకున్నదాన్ని తిరిగిచ్చే వరస ట్రై బ్లాక్‌కి కింద "ఫైనల్లీ"లోనే ఉండాలి, పని జరిగినా తప్పు వచ్చినా మధ్యలో వెనక్కి వెళ్ళిపోయినా అది జరిగి తీరాలి. ఇది చేయకుండా పూల్ ఒక్కటీ పెడితే ఇంకా ఘోరం. పూల్‌లో 10 ఉంటే 10 తప్పు నొక్కుళ్ళకే ఆగిపోతుంది, ఈసారి ఎర్రర్ కూడా రాదు, పేజీ అలా తిరుగుతూనే ఉంటుంది. పది సరిపోతాయా అని భయపడకండి. ఒక ఇన్సర్ట్‌కి 5 మిల్లీసెకన్లు వేసుకున్నా ఒక్క కనెక్షన్ సెకనుకి 200 పనులు చేస్తుంది, పది కలిస్తే 2,000. ఎన్ని చెరువులు ఒకేసారి పట్టినా సెకనుకి అన్ని కాటాలు పడవు.

1000కి పెంచినప్పుడు ఎందుకు పడిపోయిందంటే, కనెక్షన్‌కి ఇంతని మెమరీ కావాలి, మీది 2 జీబీ సర్వర్, అందులోనే నోడ్ కూడా ఉంది. మెమరీ పూర్తిగా అయిపోతే లైనక్స్ అన్నిటికన్నా ఎక్కువ తింటున్న ప్రాసెస్‌ని చూసి చంపేస్తుంది, చాలాసార్లు అది డేటాబేసే అవుతుంది. సిస్టమ్ లాగ్‌లో ఆ సమయానికి "అవుట్ ఆఫ్ మెమరీ" అన్న వరస కోసం వెతకండి. 1000ని తిరిగి 151 చేసేయండి.

నెలాఖరు పేజీ 40 సెకన్ల సంగతి. ఇక్కడ రెండు తప్పులు ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి. మొదట ఆ నెల పట్టుబడుల జాబితా తెస్తున్నారు, సుమారు 100 ఉన్నాయనుకుందాం. తర్వాత లూప్ పెట్టి ఒక్కో పట్టుబడికీ విడిగా కాటాల టేబుల్‌ని అడుగుతున్నారు. ట్రేకి ఒక వరస చొప్పున ఏడాదికి మీకు 3 లక్షల వరసలు చేరి ఉంటే, పట్టుబడి నంబర్ మీద ఇండెక్స్ (పుస్తకంలో విషయసూచిక లాంటిది) లేదు కాబట్టి ప్రతిసారీ ఆ 3 లక్షలూ మొదటినుంచి చివరిదాకా చదవాలి. వందసార్లు చదివితే 3 కోట్ల వరసలు. ఒక్కసారి చదవడానికి 0.4 సెకను వేసుకోండి, 40 సెకన్లు లెక్క సరిపోయింది చూడండి. మొదట్లో బాగుందంటే కారణం ఇదే, అప్పుడు వరసలు లేవు.

సెలెక్ట్ ముందు "ఎక్స్‌ప్లెయిన్" అని పెట్టి నడపండి. టైప్ అన్నచోట "ఆల్" అని, కీ అన్నచోట "నల్" అని, రోస్ అన్నచోట లక్షల్లో అంకె వస్తే మొత్తం టేబుల్ తవ్వుతున్నట్టు. కాటాల టేబుల్‌లో పట్టుబడి నంబర్ మీద ఒక ఇండెక్స్ వేయండి. అసలు మొదట్లోనే ఫారిన్ కీ (ఈ టేబుల్ వరసని ఆ టేబుల్ వరసకి కట్టే ముడి) పెట్టి ఉంటే ఇన్నోడీబీ (మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్ళని దాచే ఇంజన్) ఆ ఇండెక్స్ తనే వేసుకునేది (పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో అలా కాదు, ఫారిన్ కీ ఉన్నా ఇండెక్స్ మనమే వేసుకోవాలి, ఎప్పుడైనా అటు వెళ్తే గుర్తుంచుకోండి). ఆపైన ఆ లూప్ తీసేసి జాయిన్, గ్రూప్ బైతో (రెండు టేబుళ్ళు కలిపి, పట్టుబడివారీగా మొత్తం కట్టించి) ఒకే ప్రశ్నగా అడగండి. ఇంకొకటి, నెల తీయడానికి తేదీ కాలమ్‌ని మంత్ ఫంక్షన్‌లో చుట్టారు. ఫంక్షన్‌లో చుడితే ఆ కాలమ్ మీద ఇండెక్స్ ఉన్నా పనికిరాదు. నెల 1వ తేదీ నుంచి, వచ్చే నెల 1వ తేదీ కంటే ముందు వరకు, అని హద్దులుగా రాయండి. అలాగని రేపు భయంతో ప్రతి కాలమ్‌కీ ఇండెక్స్ వేయకండి, ప్రతి ఇన్సర్ట్‌కీ అవన్నీ సవరించుకోవాలి, గట్టు మీద ఉన్న గుమాస్తాకి ఆలస్యమవుతుంది. ఎక్కడ వేయాలో స్లో క్వెరీ లాగ్ చెబుతుంది. అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసినా 10 సెకన్లు దాటినవే రాస్తుంది, మీరు 1 సెకను పెట్టుకోండి.

ఈ నెమ్మది పేజీకీ మొదటి జబ్బుకీ సంబంధం ఉంది. ఓనరు గారు పేజీ రాలేదని నాలుగుసార్లు రిఫ్రెష్ కొడితే నాలుగు కనెక్షన్లు ఒక్కోటి 40 సెకన్లు ఇరుక్కుంటాయి.

పేర్లు ప్రశ్న గుర్తులవడం నాకు మనసుకి కష్టంగా అనిపించింది. రైతు తన పేరు తాను చదువుకోలేని చీటీ మనం ఇవ్వకూడదు. ముందు ఏమీ మార్చకుండా, ఏ పేరు పాడైందో ఆ వరసని హెక్స్ ఫంక్షన్‌తో (లోపలి బైట్లని ఉన్నవి ఉన్నట్టు చూపిస్తుంది) చూడండి. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ దాచే పద్ధతి) 3 బైట్లు, అవి "ఈ0 బీ0" అనో "ఈ0 బీ1" అనో మొదలవుతాయి. అలా కనిపిస్తే లోపల పేరు క్షేమం, బయటికి తెచ్చే కనెక్షన్ క్యారెక్టర్ సెట్ మాత్రమే తప్పు, అది యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8 పూర్తి రూపం) చేస్తే పేరు తిరిగొస్తుంది. "సీ3ఏ0" అంటూ మొదలైతే రెండుసార్లు ఎన్‌కోడ్ అయింది, జాగ్రత్తగా వెనక్కి తిప్పుకోవచ్చు, బ్యాకప్ తీయకుండా మాత్రం చేయకండి. వరసగా "3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్" ఉంటే అవి నిజంగానే ప్రశ్న గుర్తులు, అసలు పేరు పోయింది, ఏ కమాండూ తేలేదు, కాగితం చీటీ చూసి మళ్ళీ ఎక్కించాల్సిందే. లాటిన్1 (తెలుగుకి చోటు లేని పాత సెట్) కాలమ్‌లోకి తెలుగు పంపితే, స్ట్రిక్ట్ మోడ్ (తప్పు డేటాని తిప్పికొట్టే సెట్టింగ్) లేని చోట, ఇలాగే నోరెత్తకుండా చెరిపేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 8 నుంచి కొత్త టేబుళ్ళు యూటీఎఫ్8ఎంబీ4లోనే పుడతాయి గానీ మీరు పాత సర్వర్‌లో చేసి తెచ్చిన టేబుల్ పాత సెట్‌లోనే ఉండిపోతుంది. కొన్ని పేర్లే పాడయ్యాయంటే పాత టేబుల్ ఒకటి ఎక్కడో ఉంది, వెతకండి.

అన్నట్టు మీరు పేరుకి 20 అక్షరాల కాలమ్ ఇచ్చారు. మన కంటికి "సత్యనారాయణమూర్తి" 8 అక్షరాలు. డేటాబేస్ గుణింతాలనీ పొల్లునీ విడివిడిగా లెక్కపెడుతుంది కాబట్టి దానికి అది 16. ఇంటిపేరు ఎక్కడ పడుతుంది? 100 ఇవ్వండి, పోయేదేమీ లేదు.

తేదీ తేడా చాలా తేలిక. సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంది, మనది దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. 12వ తేదీ తెల్లవారుజామున 4 గంటలకి కాటా వేస్తే సర్వర్‌కి అది 11వ తేదీ రాత్రి 10:30. అర్ధరాత్రి నుంచి ఐదున్నర లోపు పడిన ప్రతి కాటా ముందు రోజు ఖాతాలోకే వెళ్తుంది, అదే మీ పట్టుబడుల వేళ. బట్టల కొట్టు లెక్కలైతే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలిసేది కాదు. రొయ్య రేటు రోజుకో రకంగా మారుతుంది, ఒక్క రోజు తేడా పడితే రైతుకో వ్యాపారికో నష్టం. ఎక్కించిన సమయం యూటీసీలోనే ఉండనివ్వండి, "పట్టుబడి తేదీ" అని వేరే కాలమ్ పెట్టి అందులో మన కాలమానం ప్రకారం తేదీ రాయండి, లెక్కలన్నీ దాని మీదే కట్టండి. టైమ్‌స్టాంప్ రకం కాలమ్ సెషన్ టైమ్ జోన్ బట్టి మారి కనిపిస్తుంది, డేట్‌టైమ్ రకం ఏది రాస్తే అదే చూపిస్తుంది. మీ టేబుళ్ళలో రెండూ కలగాపులగంగా ఉన్నాయి, పాత వరసలు సరిచేసే ముందు ఏది ఏ రకమో చూసుకుని మొదలుపెట్టండి.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, నాకు అన్నిటికన్నా భయం వేసింది అక్కడే. రైతు అడ్వాన్సు బాకీ తగ్గించే కోడ్‌లో ముందు బాకీ చదివి, నోడ్‌లో తీసివేసి, వచ్చిన అంకెని తిరిగి రాస్తున్నారు. ఒక రైతు రెండు చెరువులు ఒకే పొద్దున పట్టారనుకోండి. బాకీ 50,000. ఇద్దరు గుమాస్తాలూ ఒకే క్షణంలో 50,000 అని చదివారు, ఒకరు 20,000 తీసి 30,000 రాశారు, ఇంకొకరు 10,000 తీసి 40,000 రాశారు. ఉండాల్సింది 20,000, పుస్తకంలో 40,000. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ ఉండదు, రైతు వచ్చి గొడవ పడేదాకా ఎవరికీ తెలియదు, ఆయన మాట ఎవరూ నమ్మరు కూడా, కంప్యూటర్ చెప్పింది కదా అంటారు. తీసివేత డేటాబేస్‌లోనే జరగాలి, బాకీ సమానం బాకీ మైనస్ ఇంత, అని ఒకే అప్‌డేట్‌గా. చదివి నిర్ణయం తీసుకోవాల్సి వస్తే ట్రాన్సాక్షన్ (జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఏదీ జరగకూడదు అనే పనుల కట్ట) మొదలుపెట్టి "సెలెక్ట్ ఫర్ అప్‌డేట్"తో ఆ వరసని పట్టుకుని, పని అవగానే కమిట్ చేయండి. అప్పుడప్పుడు 1213 అని డెడ్‌లాక్ (ఒకరి తాళం కోసం ఒకరు ఎదురుచూస్తూ ఇద్దరూ ఆగిపోవడం) ఎర్రర్ వస్తుంది, కంగారు పడకండి, ఆ ట్రాన్సాక్షన్ మొత్తం రద్దయి ఉంటుంది కాబట్టి మళ్ళీ మొదటినుంచి ఒకసారి నడిపిస్తే చాలు. 1205 వస్తే మాత్రం ఎవరో తాళం వేసి 50 సెకన్లకి పైగా వదల్లేదని అర్థం, ఆ కోడ్ వెతికి పట్టుకోవాలి.

డబ్బు కాలమ్‌లు ఫ్లోట్ (దగ్గరి విలువ దాచే రకం) నుంచి డెసిమల్‌కి (పైసాతో సహా కచ్చితంగా దాచే రకం) మార్చండి. 25,43,678 రూపాయల 45 పైసలు ఫ్లోట్‌లో పెడితే లోపల 50 పైసలుగా మారి కూర్చుంటుంది. ఫోన్ నంబర్ ఇంటీజర్‌గా పెట్టారు, అదీ మార్చండి, దాని గరిష్ఠం 2147483647, మన సెల్ నంబర్లు అంతకంటే పెద్దవి.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు బ్యాకప్. కొన్నేళ్ళ క్రితం తాడేపల్లిగూడెం వైపు ఒక రైస్ మిల్లుకి నేను చేసిన అప్లికేషన్‌లో రోజూ రాత్రి బ్యాకప్ తీసే స్క్రిప్ట్ పెట్టాను. ఫైళ్ళు రోజూ వస్తున్నాయి, పేర్లలో తేదీలు ఉన్నాయి, తృప్తిగా ఉండేవాణ్ణి. సర్వర్ డిస్కు పోయిన రోజు తెరిచి చూస్తే చివరి 11 రోజుల ఫైళ్ళన్నీ 0 బైట్లు. బ్యాకప్ పెట్టే డిస్కు నిండిపోయింది, నేను ఎప్పుడూ ఒక్క ఫైలు కూడా తిరిగి ఎక్కించి చూసుకోలేదు. మిల్లు గుమాస్తా గారు పాత అలవాటుకొద్దీ కాటా చీట్లు తీగకి గుచ్చి దాచారు కాబట్టి బతికిపోయాం. మూడు రాత్రులు ఆయన చదువుతుంటే నేను ఎక్కించాను. ఒక్క చీటీ తేడా రాలేదు. ఆయన ఒక్క మాట కూడా అనలేదు, అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకని బ్యాకప్‌ని మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే ప్రోగ్రామ్‌లో "సింగిల్ ట్రాన్సాక్షన్" ఆప్షన్‌తో తీయండి, అలా అయితే ఇన్నోడీబీ టేబుళ్ళకి తాళం పడదు, కాటాలు ఆగవు. ఫైలుని వేరే చోటికి పంపండి, వారానికొకసారి మీ ల్యాప్‌టాప్‌లో ఎక్కించి వరసలు లెక్కపెట్టండి. మీ ఓనరు గారు పుస్తకమే నయం అంటున్నారు కదా, ఆయనతో వాదన పెట్టుకోకండి, ఈ రెండు నెలలూ పుస్తకం కూడా రాయించమని మీరే అడగండి. రోజూ సాయంత్రం పుస్తకం మొత్తం, అప్లికేషన్ మొత్తం పక్కపక్కన పెట్టి చూసుకుంటే తేడా వచ్చిన రోజే దొరుకుతుంది.

పని వరస: బ్యాకప్, తర్వాత ఆ కాటా ఫంక్షన్, తర్వాత అడ్వాన్సు బాకీ, ఇండెక్స్, తేదీ, చివరికి పేర్లు. రోజుకొకటే మార్చండి, అదీ పట్టుబడులు అయిపోయాక మధ్యాహ్నం పూట. ఫంక్షన్ మార్చిన మర్నాడు పొద్దున ఏడింటికి ప్రాసెస్‌లిస్ట్‌లో స్లీప్ వరసలు ఎన్ని ఉన్నాయో నాకు రాయండి. పూల్‌లో పది పెడితే అవి పది దాటకూడదు, దాటితే మూయని తూము ఇంకొకటి ఉన్నట్టే, రైతు నమోదు ఫంక్షన్ నేను పూర్తిగా చూడలేదు, ముందు అక్కడ వెతుకుదాం.